అలంపూర్ శిఖరం ఆధారంగా వేడుక గౌను కుట్టుకోవడం ఎలా?

ఒక ప్రసిద్ధ కట్టడాన్ని చూసి గౌను కుట్టాలనుకునేవారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. మొదటిది ఆ కట్టడం బొమ్మను బట్టమీద అచ్చు వేయించడం లేదా మగ్గం వర్క్‌తో కుట్టించడం. రెండోది ఆ కట్టడం ఏ గీత మీద పైకి లేచిందో, దాని భాగాలు ఒకదానితో ఒకటి ఎలా అతుక్కున్నాయో, వెలుగు పడినప్పుడు నీడ ఎక్కడ నిలుస్తుందో గమనించి, వాటినే కత్తిరింపులోకి, కుట్టులోకి తేవడం. ఈ వ్యాసం రెండో దారి గురించి. బొమ్మ వేసిన గౌను దగ్గరి నుంచి చూస్తేనే తెలుస్తుంది. గీత సరిగ్గా కుదిరిన గౌనును ఫంక్షన్ హాలు గుమ్మంలో నిలబడినవారు కూడా గుర్తుపడతారు.

1931 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన ఒక విందుకు అక్కడి పేరున్న వాస్తుశిల్పులు తాము కట్టిన భవనాల వేషాల్లో వచ్చారు. క్రైస్లర్ భవనాన్ని రూపొందించిన విలియం వాన్ ఆలెన్ ఆ భవనపు కొనను నెత్తిమీద కిరీటంగా పెట్టుకున్నారు. ఒక రాత్రి సరదాకు ఆ వేషం చక్కగా సరిపోయింది. మీరు మాత్రం కుట్టేది కూర్చోవడానికి, మెట్లెక్కడానికి, నలుగురితో కలిసి భోంచేయడానికి వీలైన దుస్తు. కాబట్టి కట్టడంలోని అన్ని భాగాలనూ ఒంటిమీదికి ఎక్కించాలన్న ఆశను మొదట్లోనే వదులుకోవాలి.

కట్టడాన్ని ఎంచుకోవడం

దక్షిణ తెలంగాణలో గౌనుకు పనికివచ్చే కట్టడాలకు కొదవ లేదు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడి గర్భగుడి గోడమీద పగలంతా చెదరకుండా నిలిచే నీడను పలుచని పట్టుపొరల మధ్య ముదురు పట్టీగా చూపించవచ్చు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లలో నునుపుదేలిన స్తంభాలున్నాయి, అవి సన్నగా నిలువుగా సాగే గౌనుకు తగినవి. ఒక గౌనుకు ఒక కట్టడమే ఎంచుకోండి. రెండింటిని కలిపితే చూసేవారికి ఏదీ గుర్తుండదు.

ఇక్కడ నేను అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల శిఖరాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడో శతాబ్దంలో వెలిసిన ఈ గుళ్లలో తారకబ్రహ్మ ఆలయం తప్ప మిగిలినవాటి శిఖరాలు ఉత్తరాది రేఖానాగర పద్ధతిలో ఉంటాయి. కింద వెడల్పుగా మొదలై, చాలా ఎత్తు వరకు దాదాపు నిట్టనిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగి, చివరకు ఒక సన్నని మెడ దగ్గర ఆగడం ఆ శిఖరం తీరు. నడుము దగ్గర బిగువుగా ఉండి, తుంటి దగ్గర గుండ్రంగా విచ్చుకుని, అక్కడి నుంచి నేల వరకు తిన్నగా దిగే పావడాకు ఇంతకంటే మంచి ఆధారం మన ప్రాంతంలో నాకు కనిపించలేదు. పైగా కోటకొమ్మ అంచు, అంటే కోటగోడ మొనల్లాంటి ‘కొమ్మలు’ వరుసగా ఉండే అంచు, నేసే గద్వాల కూడా అలంపూర్ ఉన్న జిల్లాలోనే ఉంది.

గుడిని ఒంటిమీదికి తేవడం తప్పు కాదా అని ఇంట్లో పెద్దలు అడగవచ్చు. ఆ ప్రశ్నను తేలికగా తీసిపారేయకూడదు. దేవతామూర్తులను, లింగాన్ని, ద్వారపాలకులను, శుకనాసలో (శిఖరం ముందువైపు పొడుచుకువచ్చిన భాగంలో) కనిపించే నటరాజును గౌనుమీద ఎక్కడా వేయకండి, ముఖ్యంగా నడుము కింద అసలే వద్దు. వంపును, పట్టీలను, అంతస్తుల లయను తీసుకుంటే చాలు. అవి శిల్పి నేర్పుకు సంబంధించినవి, పూజకు సంబంధించినవి కావు.

అక్కడికి వెళ్లి గమనించడం

ఫోటోలు చూసి కుట్టవచ్చు కానీ, వెళ్లి చూసి కుట్టిన గౌనుకు వచ్చే ఖచ్చితత్వం వేరు. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే జాతీయ రహదారిమీద అలంపూర్ చౌరస్తా దగ్గర దిగితే అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోలు దొరుకుతాయి. మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. ఎండ నెత్తిన ఉన్నప్పుడు శిఖరం చదునుగా కనిపిస్తుంది. ఉదయం లేదా పొద్దువాలే వేళ పక్కనుంచి వెలుతురు పడుతున్నప్పుడు చూస్తే, ప్రతి వైపునా నడిమి పట్టీ కొంచెం ముందుకు, మూల పట్టీలు కొంచెం వెనక్కి ఉన్నట్టు తెలుస్తుంది. ముందుకు వచ్చిన రాయి అంచు వెనకపట్టీ మీద సన్నని నీడగీతను గీస్తుంది. శిఖరం పైకి లాగినట్టు కనిపించడానికి కారణం ఆ గీతే. నడిమి పట్టీని భద్రమని, మూల పట్టీని కర్ణమని శిల్పులు అంటారు. మన గౌనులో కలీలకు, అంటే పావడాకు కలిపి కుట్టే నిలువు ముక్కలకు, కూడా ఈ పేర్లే పెట్టుకుందాం.

కర్ణపట్టీలలో కొంత ఎత్తుకొకటి చొప్పున చిన్న చిన్న ఆమలకాలు, అంటే ఉసిరికాయలా నిలువు గాడులున్న దిమ్మెలు, అంతస్తులను విడదీస్తాయి. పైకి పోయేకొద్దీ అంతస్తుల ఎత్తు తగ్గుతుంది. భద్రపట్టీ నిండా గుర్రపునాడా ఆకారపు గవాక్షాలు అల్లికగా పరుచుకుని ఉంటాయి. శిఖరం పైన సన్నని మెడ, ఆ మెడమీద పెద్ద ఆమలకం. ఈ నాలుగింటినీ పుస్తకంలో పెన్సిలుతో గీసుకోండి. రక్షిత కట్టడం కాబట్టి రాతిమీద కాగితం పెట్టి రుద్దడం, కొలత కోసం తాకడం చేయకూడదు.

వీలైతే దగ్గరలోని పాపనాశి గుళ్లను కూడా చూడండి. వాటి పైకప్పులు మెట్లుమెట్లుగా, వంపు లేకుండా లేస్తాయి. వంపున్న శిఖరానికీ, వంపు లేని పైకప్పుకూ ఉన్న తేడా కన్నుకు పట్టిందంటే కత్తిరింపులో సగం పని అయినట్టే. ఎందుకంటే ఈ గౌను విషయంలో ఎక్కువమంది దర్జీలు అలవాటు కొద్దీ నడుము నుంచి నేల దాకా ఏటవాలుగా ఒకే తిన్నని గీత గీస్తారు. అప్పుడు వచ్చేది పిరమిడ్, అలంపూర్ శిఖరం కాదు.

బట్ట

అంచు, ఒళ్లు రెండూ పట్టే అయిన గద్వాల చీరను ఎంచుకోండి. సీకో రకంలో ఒళ్లు నూలు, అంచు పట్టు కాబట్టి ఇస్త్రీ ఆవిరికి రెండూ ఒకేలా స్పందించవు, కలీల అడుగున ముడతలు వచ్చే ప్రమాదం ఉంది. రంగు విషయంలో అలంపూర్ ఇసుకరాయి ఎరుపు, గోధుమ కలిసినది. ఇటుక రంగు లేదా కాల్చిన మట్టి రంగు ఒంటికి, దానికంటే ఒక పాలు ముదురైన అంచు తీసుకుంటే జరీ ఎక్కువ లేకపోయినా సరిపోతుంది. మెరుపు తక్కువగా ఉంటేనే నీడగీతలు కనిపిస్తాయన్న సంగతి మరిచిపోవద్దు.

కొనేముందు చీరను తిరగేసి అంచు కలిసే చోట చూడండి. కుప్పడం పద్ధతిలో చీర ఒంటి పేక (అడ్డంగా పోయే దారం), అంచు పేక ఒకదానిలో ఒకటి కొక్కెంలా పెనవేసుకుని ఉంటాయి. ఆ గీత వెంబడి దారాలు వదులుగా ఉంటే ఆ చీర వద్దు. కొంగు కలిసే చోట పడుగు దారాలను (నిలువుగా పోయేవాటిని) ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలిపి ఉంటారు. ఆ అతుకు ఒత్తిడికి తట్టుకోదు కాబట్టి చంక కింద, వీపు మధ్య అది రాకుండా జాగ్రత్త పడాలి.

చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. పన్నా, అంటే వెడల్పు, దాదాపు 46 అంగుళాలు. మనం కలీలను చీర పన్నాకు నిలువుగా, అంచు కిందికి వచ్చేట్టు కత్తిరిస్తాం. నడుము నుంచి నేల వరకు, చెప్పుల ఎత్తుతో కలిపి 42 అంగుళాలు వచ్చేవారికి పన్నా సరిగ్గా సరిపోతుంది. పై అంచు ముక్క కొంత మిగిలినా నడుముపట్టీ కింద దాగిపోతుంది. ఇంకా పొడవైనవారు నడుము దగ్గర రెండు అంగుళాల అతుకు వేసుకోవచ్చు, దాన్ని కూడా నడుముపట్టీ కప్పేస్తుంది.

కలీల కొలతలు

శిఖరానికి నాలుగు వైపులు కాబట్టి నాలుగు భద్రాలు, వాటి మధ్య నాలుగు కర్ణాలు, మొత్తం ఎనిమిది కలీలు. 30 అంగుళాల నడుముకు ఒక్కో కలీ కుట్టు తర్వాత వెడల్పు ఇలా ఉండాలి: నడుము దగ్గర మూడు ముప్పావు అంగుళాలు, 8 అంగుళాలు దిగాక 9, 16 అంగుళాలు దిగాక పదమూడున్నర, 24 అంగుళాలు దిగాక పదిహేనున్నర, అడుగున 16. ఈ అంకెలను ఒకసారి పరిశీలించండి. పై 16 అంగుళాల్లోనే దాదాపు పది అంగుళాల వెడల్పు పెరిగింది, కింది 18 అంగుళాల్లో అర అంగుళమే పెరిగింది. శిఖరపు వంపు అంతా ఈ లెక్కలో ఉంది. మీ నడుము వేరైతే మొదటి అంకెను మార్చి, మిగిలినవాటిని అదే తీరులో సర్దుకోండి.

ఈ వంపు వల్ల ఇంకో మేలు ఉంది. మామూలు ఘేరు గౌనుకు అడుగు గుండ్రంగా వస్తుంది కాబట్టి నేత అంచును అడుగున నిలపడం కుదరదు, వేరే కోసి అతకాల్సి వస్తుంది. ఇక్కడ కలీల కింది భాగం దాదాపు తిన్నగా ఉండటంవల్ల కోటకొమ్మ అంచు కోయకుండా, వంకర పోకుండా గౌను చుట్టూ ఒకే మట్టంలో తిరుగుతుంది. గుడికి అధిష్ఠానం (అడుగున ఉండే పీఠం) ఎలాగో గౌనుకు ఆ అంచు అలా.

కుట్టు మడత కోసం కర్ణానికి రెండు పక్కలా అర అంగుళం, భద్రానికి రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం వదలండి. అప్పుడు అడుగున కర్ణం 17, భద్రం 19 అంగుళాలు అవుతుంది. ఎనిమిదింటికి 144 అంగుళాల చీర పోగా 72 మిగులుతుంది, అందులోనే పైభాగం, నడుముపట్టీ రావాలి. కత్తెర పెట్టేముందు అంచులోని కొమ్మలను లెక్కించండి. కొమ్మకూ కొమ్మకూ మధ్య రెండు అంగుళాలుంటే ఒక కలీకి సరిగ్గా ఎనిమిది పడతాయి. కుట్టు గీత రెండు కొమ్మల నడుమ పడేట్టు జరుపుకోండి. కొమ్మ సగానికి తెగితే ఎంత మంచి కుట్టైనా అతుకుగానే కనిపిస్తుంది.

కోరా గుడ్డతో నమూనా

చీరను ముట్టుకునే ముందు చవక కోరా గుడ్డతో మొత్తం గౌనును కచ్చా కుట్టుతో కలిపి చూడటం తప్పనిసరి. వేసుకుని కుర్చీలో కూర్చోండి, మెట్లెక్కండి, పళ్లెం పట్టుకుని నిలబడండి. వంపు తుంటి ఎముక దగ్గర కాకుండా కడుపు దగ్గరే ఉబ్బితే 8 అంగుళాల దగ్గరి వెడల్పును అర అంగుళం తగ్గించండి. సరిచేసిన నమూనాను విప్పి, ప్రతి ముక్కమీద సుద్దతో అంకె, వైపు రాయండి. శ్రీశైలం జలాశయం ముంపునుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి అలంపూర్ చెంతకు తెచ్చి నిలబెట్టినవారు రాళ్ల వరుస తప్పకుండా చూసుకున్నారు కాబట్టే ఆ గుడి ఇవాళ నిలబడి ఉంది. ఎనిమిది కలీలు చూపుకు ఒకేలా ఉంటాయి, కలిసిపోతే మళ్లీ తేల్చడం కష్టం.

మగ్గం వర్క్, అంతస్తులు

మగ్గం వర్క్ ఉంటే కత్తిరించకముందే చేయించాలి. భద్రాల హద్దులను చీరమీద కచ్చా కుట్టుతో గుర్తించి, చీరను మగ్గానికి బిగించి, ఒంటి రంగు కంటే కొంచెం లేత పట్టుదారంతో గవాక్షాల అల్లికను వేయించండి. ముందు భద్రానికి ఒక్కదానికే నిండుగా, మిగిలిన మూడింటికి అడుగు సగం వరకే అయితే బరువు అదుపులో ఉంటుంది. రాళ్లు, అద్దాలు, కుందన్లు ఈ గౌనుకు వద్దని నా గట్టి అభిప్రాయం. అవి తళుక్కుమన్న ప్రతిచోటా కన్ను ఆగిపోతుంది, పైకి లాగే గీత తెగిపోతుంది.

కర్ణాలమీద అంతస్తుల కోసం, సన్నని నూలు తాడును క్రాస్ పట్టీలో (బట్టను ఏటవాలుగా కోసిన పట్టీలో) చుట్టి అడ్డంగా కుట్టండి. అడుగు నుంచి 9, 17, 24, 30, 35 అంగుళాల ఎత్తుల్లో ఐదు గీతలు. వాటి మధ్య దూరం 9, 8, 7, 6, 5 అని తగ్గుతూ పోతుంది. సమాన దూరంలో కుడితే నిచ్చెన అవుతుంది. నడుము కింది 7 అంగుళాలను ఖాళీగా ఉంచండి. క్రాస్ పట్టీలకు కలీల మధ్య మిగిలిన త్రికోణపు ముక్కలు సరిపోతాయి.

నీడనిచ్చే కుట్టు

అన్నింటిలోకీ ఎక్కువ ఓపికతో చేయవలసిన పని ఇదే. మామూలుగా రెండు కలీలను మంచివైపులు ఎదురెదురుగా పెట్టి కుడతాం. ఇక్కడ భద్రం కర్ణం మీదికి ఎక్కాలి. భద్రపు పక్క మడతను కుట్టు గీతకు అర అంగుళం అవతల వెనక్కి మడవండి, మడత లోపల సన్నని తాడు పెట్టండి. వంపున్న పైభాగంలో మడత లోపలివైపు బట్ట ఎక్కువై ముడతపడుతుంది, అక్కడ అంగుళానికొకటి చొప్పున వి ఆకారపు గాట్లు తీసేయండి. తర్వాత భద్రాన్ని కర్ణం పైన పరిచి, రెండింటి కుట్టు గీతలు కలిసేట్టు గుండుసూదులు పెట్టి, కచ్చా కుట్టు వేసి, ఆ గీత మీదనే పైనుంచి మిషను కుట్టు వేయండి. కుట్టుకు అవతల అర అంగుళం అంచు పెదవిలా విడిగా నిలుస్తుంది. కర్ణంమీది తాడు గీతల కొసలన్నీ దాని కింద దాగిపోతాయి.

భద్రాలకు మాత్రమే వెనక పలుచని ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే పొర) వేయండి, అప్పుడవి నిలకడగా ముందుకు వస్తాయి. జిప్ వెనక భద్రం ఎడమ అంచు కింద పెడితే బయటికి కనిపించదు. ఫంక్షన్ హాళ్లలో వెలుతురు ఎక్కువగా పైనుంచే పడుతుంది కాబట్టి పక్కనుంచి దీపం పెట్టి ఒకసారి, నెత్తిమీది దీపం కింద ఒకసారి చూసుకోండి. పైనుంచి పడే వెలుతురులో పెదవి నీడ మరీ పలచబడితే, లోపలి తాడును కొంచెం లావుది మార్చండి.

లోపలి ఆధారం

వెడల్పైన గౌనుకు ప్రాణం లోపలే ఉంటుంది. అమెరికాలో స్థిరపడి పేరు తెచ్చుకున్న చార్లెస్ జేమ్స్ 1953లో నాలుగు రేకుల అడుగున్న ఒక వేడుక గౌను తయారుచేశారు. అది బరువైనదే అయినా భారం భుజాలమీద కాక తుంటి మీద పడేట్టు లోపల ఏర్పాటు చేశారు. మీరూ అదే సూత్రం పాటించండి. ఒక అంగుళం వెడల్పు గట్టి పట్టీని నడుముకు బిగువుగా కొలిచి, హుక్కులతో, పావడా లోపల కుట్టండి. పావడా, దాన్ని లోపలినుంచి ఉబ్బించే నెట్టు లంగా అయిన క్యాన్‌క్యాన్ రెండూ ఆ పట్టీకే వేలాడాలి.

క్యాన్‌క్యాన్‌ను బజారులో రెడీమేడ్‌గా కొంటే కుదరదు. అవి కిందికి పోయేకొద్దీ ఉబ్బుతాయి, మనకు పైన ఉబ్బు కావాలి. నడుము నుంచి 7 అంగుళాలు నూలు గుడ్డ, దానికి రెండున్నర రెట్ల కుచ్చుతో గట్టి నెట్టు పొర 12 అంగుళాలు, ఆ కింద ఒకటింపావు రెట్ల కుచ్చుతో ఇంకో 17 అంగుళాలు. నేలకు 6 అంగుళాల పైనే అది ఆగిపోవాలి, అప్పుడే అంచు స్వేచ్ఛగా దిగుతుంది. నెట్టు కొసలు గుచ్చుకోకుండా పైపింగ్ వేయండి. ఒంటికి తగిలే పొర పలుచని నూలు గుడ్డే అయి ఉండాలి. పెళ్లిళ్లు, రిసెప్షన్లు ఎండాకాలంలోనే ఎక్కువ, పాలమూరు ఎండలో శాటిన్ లైనింగ్ వేసుకుని మూడు గంటలు నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు.

ఆమలకం, పైభాగం

నడుముపట్టీయే మన ఆమలకం. కొంగు నుంచి 45 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ముక్క తీసి, కింద బక్రం (గట్టి గంజిగుడ్డ) పెట్టి, అర అంగుళానికొకటిగా నిలువు తాళ్లు పెట్టి రెండు పక్కలా కుట్టుకుంటూ పోండి. తాళ్ల ఎత్తుకు బట్ట లోపలికి లాగుకుని 45 అంగుళాలు కాస్తా 30కి దగ్గరగా వస్తుంది. ముందుగా చిన్న ముక్కమీద వేసి ఎంత లాగుకుంటుందో చూసుకోండి. పూర్తయిన పట్టీ రెండున్నర అంగుళాల వెడల్పు ఉంటే చాలు.

పైభాగం మామూలు ప్రిన్సెస్ కట్, అదే ఒంటి బట్ట, పని ఏమీ లేకుండా. చేతులు మోచేతి వరకు ఉన్నా, లేకున్నా మీ ఇష్టం. కలశం గుర్తుగా కొప్పులో ఏదైనా పెట్టాలనిపిస్తే వద్దనే చెబుతాను. శిఖరం నడుము దగ్గర పూర్తయింది, దానిపైన ఉన్నది మనిషి.

దాచడం

తొడిగిన మర్నాడు గౌనును నీడలో గాలికి ఆరనిచ్చి, క్యాన్‌క్యాన్‌ను విడిగా తీయండి. భుజాల దగ్గర హ్యాంగర్‌కు వేలాడదీస్తే పావడా బరువుకు పైభాగం సాగుతుంది కాబట్టి, లోపలి నడుముపట్టీకి రెండు ఉచ్చులు కుట్టి వాటితో వేలాడదీయండి. ఇంట్లో నీళ్లలో ఉతకకుండా డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి. భద్రపు పెదవుల మీద నేరుగా ఇస్త్రీ పెట్టకుండా, పైన తెల్ల నూలు గుడ్డ పరిచి, మడత కింద వేలు వెడల్పు అట్టముక్క దూర్చి, ఒక్కో అంచును విడిగా నొక్కాలి.